ఊక బొగ్గు వడపోత ప్రాజెక్టు: రికార్డు పుస్తకం ఎలా రాయాలి?

ప్రశ్న: మా అమ్మాయి పరకాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది. వడ్ల ఊకను కాల్చిన బొగ్గు, ఇసుకతో చెరువు నీటిని వడపోసే ప్రాజెక్టు చేస్తోంది. నీళ్లు తేటపడ్డాయి గానీ టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల వంటి పదార్థాల మొత్తం) మాత్రం తగ్గకపోగా కొంచెం పెరిగింది. ఆ రీడింగులు వదిలేసి, మిగతావి కొత్త పుస్తకంలో నీటుగా ఎక్కించి సైన్స్ ఫెయిర్‌కు పంపవచ్చా?

జవాబు: వద్దండి. మీ అమ్మాయి ప్రాజెక్టులో అసలు సైన్స్ మొదలైంది ఆ రీడింగుల దగ్గరే. ఇసుక, బొగ్గు మట్టి రేణువులను, కొంతవరకు రంగునూ వాసననూ పట్టుకుంటాయి. నీటిలో కరిగిపోయిన లవణాలను మాత్రం పెద్దగా ఆపలేవు. పైగా ఊక బొగ్గులోని బూడిదలో పొటాషియం లవణాలుంటాయి కాబట్టి, సరిగా కడగని బొగ్గు మీదుగా వచ్చిన నీటిలో టీడీఎస్ పెరగడానికి అవకాశముంది. ఇది ఊహగా మిగలకూడదంటే, అదే బొగ్గులో కొంత కడిగి, కొంత కడగకుండా ఉంచి, రెండింటి గుండా డిస్టిల్డ్ వాటర్ పోసి, ముందూ తర్వాతా టీడీఎస్ మీటరు చూపిన అంకెలను పీపీఎంలలో (అంటే దాదాపు లీటరుకు మిల్లీగ్రాములు) రాయించండి. ప్రతి కొలతా మూడుసార్లు తీసుకుని, మూడు అంకెలనూ ఉంచాలి. సగటు ఒక్కటే రాస్తే తేడాలు కనబడవు.

ఇందుకు కుట్టిన లాంగ్ నోట్‌బుక్ మంచిది. పేజీలకు నంబర్లు వేసి, తేదీ, సమయం, నీళ్లు తెచ్చిన చోటు, బొగ్గు ఎన్ని గ్రాములు, ఇసుక పొర ఎన్ని సెంటీమీటర్లు అన్నవి పని జరుగుతుండగానే పెన్నుతో రాయాలి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన సరిచేయాలి గానీ, వైట్‌నర్ పూయకూడదు, కాగితం చింపకూడదు. మన ఇంటర్ ప్రాక్టికల్ రికార్డులను సీనియర్ల పుస్తకం చూసి దింపుకునే అలవాటు చాలా చోట్ల ఉంది. పరిశోధన వైపు వెళ్లాలనుకునే పిల్లకు అది అబ్బకపోవడమే మేలు.

ఇప్పటివరకు చేసిన పనికి పాత తేదీలు వేయించకండి. గుర్తున్నంత వరకు ‘జ్ఞాపకం నుంచి’ అని పైన పెట్టి, ఈ రోజు తేదీతోనే రాయించండి. ఫోన్‌లోని ఫోటోల తేదీలు అందుకు ఆధారంగా పనికొస్తాయి. బొగ్గు కాల్చడంలో మీరు సాయం చేసి ఉంటే అదీ రాయాలి. గైడ్ టీచర్ సంతకం ఆఖర్న ఒకేసారి కాకుండా, అప్పుడప్పుడూ తీసుకోవాలి.

న్యాయనిర్ణేతల కోసం రాసే నివేదిక వేరే, అందంగానే ఉండవచ్చు. కానీ అందులోని ప్రతి అంకె రికార్డులో ఏ పేజీలో ఉందో అమ్మాయి చూపగలగాలి. ‘ఈ నీళ్లు తాగవచ్చు’ అన్న వాక్యం మాత్రం రాయనివ్వకండి. తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం ఒక్కటే చాలదు, బ్యాక్టీరియా పరీక్ష కూడా కావాలి.