కొట్టంలో పడున్న ఆర్‌ఎక్స్ 100: బాగు చేయించాలా, వదిలేయాలా?

ప్రశ్న: మా నాయిన 1994లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 పాత ఇంట్లో పశువుల కొట్టంలో పన్నెండేండ్ల నుంచి పడున్నది. నంబరు ఏపీ 36. కిక్కు అస్సలు దిగుతలేదు. హన్మకొండలో చూపిస్తే ఇంజన్, టైర్లు, వైరింగ్ అన్నీ కలిపి 55 వేలు అయితయన్నరు, పెయింటింగ్ వేరే. నాయిన పోయి నాలుగేండ్లు. ఆర్సీ బుక్కు మాత్రం ఉన్నది. అన్ని పైసలు పెట్టొచ్చా?
– పరకాల నుంచి ఒక పాఠకుడు

జవాబు: బండి మీద చెయ్యి వేసే ముందు ఆర్సీ బుక్కు తెరవండి. ఇంజన్ ఎంత పాడైనా పైసలతో బాగవుతుంది. కాగితం కుదరకపోతే 55 వేలు పెట్టిన బండి కూడా ఇంటి ముందర బొమ్మలాగానే ఉంటుంది.

1994 బండి రిజిస్ట్రేషన్ 15 ఏండ్లకు, అంటే 2009లో ముగిసింది. ఆ తర్వాత ఐదేండ్లకోసారి ఫారం 25 మీద రెన్యువల్ చేయించాలి. మీ నాయిన ఒకసారి చేయించి ఉంటే 2014 దాకా వచ్చి ఉంటుంది. ఇరవై ఏండ్లు దాటిన మోటార్ సైకిల్‌కు రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టు నుంచి 2,000 రూపాయలు. ఆలస్యానికి నెలకు 300 చొప్పున అదనపు ఫీజు కూడా నిబంధనల్లో ఉంది, గ్రీన్ ట్యాక్స్ వేరే. వీటన్నిటికీ కలిపి మీ నంబరు మీద ఎంత బాకీ ఉందో ఆర్టీఓ ఆఫీసులో ముందే లెక్క తీయించుకోండి. ఆ పాత బుక్కు వివరాలు కంప్యూటర్ రికార్డులోకి ఎక్కాయో లేదో కూడా అక్కడే చూడమనండి. బండి నడవకుండా ఫిట్‌నెస్ రాదు, ఫిట్‌నెస్ లేకుండా రెన్యువల్ కాదు. ఖర్చు పెట్టాక రికార్డులో నంబరే లేదని తేలితే వెనక్కి వచ్చే దారి ఉండదు. పేరు మార్పిడికి ఫారం 31, మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం కావాలి. ఏపీ 36 నంబరు మార్చాల్సిన పని లేదు, అది అట్లనే చెల్లుతుంది.

తర్వాత నంబర్లు. ఛాసిస్ నంబరు హ్యాండిల్ మెడ గొట్టం మీద, ఇంజన్ నంబరు ఇంజన్ కేసు మీద కొట్టి ఉంటాయి. తుప్పు పట్టి కనబడకపోతే కిరోసిన్ గుడ్డతో నానబెట్టి తుడవండి. ఎమరీ పేపరు, గ్రైండర్ దగ్గరికి రానియ్యొద్దు. అంకె అరిగినట్టు కనిపిస్తే ఇన్‌స్పెక్టర్‌కు అనుమానం వస్తుంది. పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, వచ్చిన అచ్చును బుక్కుతో అక్షరం అక్షరం సరిచూడండి. ఆర్‌ఎక్స్ 100లకు మధ్యలో వేరే ఇంజన్ ఎక్కించడం మామూలే. బుక్కులో లేని ఇంజన్ ఉంటే లెక్క అక్కడే ఆపేయండి.

ఇక కిక్కు. దాన్ని ఎగిరి తొక్కకండి, కిక్ గేరు పళ్లు విరుగుతాయి. ప్లగ్గు తీసి, టాప్ గేరు వేసి, వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఊపండి. ఇంజన్ తిరిగితే లోపం కిక్ షాఫ్టులోనే ఉంది, చిన్న పని. తిరగకపోతే రింగులు సిలిండరుకు తుప్పుతో అతుక్కున్నట్టు. బండి ఆగినప్పుడు సిలిండర్‌లో ఏదో ఒక పోర్టు (గాలి, పొగ పోయే రంధ్రం) తెరిచి ఉండొచ్చు, సైలెన్సర్ గుండా వానాకాలం తేమ అందులోకి పోతుంది.

ప్లగ్గు రంధ్రంలో సగం డీజిల్, సగం ఇంజన్ ఆయిల్ కలిపి 30 మి.లీ. పోసి మూడు నాలుగు రోజులు వదిలేయండి. తర్వాత ఎడమ వైపు కవరు విప్పి, మాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) నట్టుకు స్పానర్ వేసి నట్టు బిగిసే వైపు మెల్లగా ఒత్తండి. కదలకపోతే మళ్లీ పోసి ఇంకో మూడు రోజులు ఆగాలి. సుత్తి పని కాదిది.

కదిలిందని సంబరపడి స్టార్ట్ చేయొద్దు. టూ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) బేరింగులు గేర్ ఆయిల్‌లో మునిగి ఉండవు. పెట్రోల్‌తో పాటు వచ్చే టూటీ ఆయిలే వాటికి దిక్కు. పన్నెండేండ్లు క్రాంకు ఉండే గది ఎండిపోయి ఉంది కాబట్టి బేరింగు గోలీల మీద తుప్పు మచ్చలు తప్పవు. స్టార్ట్ అయితే అవుతుంది గానీ నాలుగు రోజుల్లో గరగరమంటుంది. క్రాంకు ఆయిల్ సీళ్లు కూడా చెక్కలా గట్టిపడి ఉంటాయి. మాగ్నెట్ వైపు సీలు కారితే గాలి లోపలికి పోయి మిశ్రమం పల్చబడుతుంది, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు కారితే గేర్ ఆయిల్ కాలి తెల్ల పొగ ఆగకుండా వస్తుంది. చాలా మంది కొత్త పిస్టన్ వేసి, 50 రూపాయలు మిగలాలని పాత సీళ్లే ఉంచేస్తారు, నెలకే రెండో పిస్టన్ కొంటారు.

అందుకే ఇంజన్ రెండుగా విడదీయక తప్పదు. సిలిండర్ తీశాక కనెక్టింగ్ రాడ్డును పట్టుకుని పైకీ కిందికీ లాగండి. ఏ మాత్రం ఆట ఉన్నా రాడ్ కిట్ మార్చాలి. పక్కలకు కొద్దిగా ఊగితే పర్వాలేదు. క్రాంకు ప్రెస్ చేయించాక డయల్ గేజ్ పెట్టి చూపించమనండి, వంకర 0.03 మి.మీ. దాటకూడదు. ఆ గేజ్ లేని లేత్‌కు ఈ పని ఇవ్వకండి. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) అసలు కొలత 50 మి.మీ., పిస్టన్లు 0.25 మి.మీ. చొప్పున పెద్ద సైజుల్లో దొరుకుతాయి. పిస్టన్ కొని చేతిలో పెట్టాకే బోరింగ్ చేయించాలి, ముందు బోరు చేసి తర్వాత పిస్టన్ వెతకడం తలకిందుల పని. కొత్త రింగును సిలిండర్‌లో పెట్టి ఫీలర్ గేజ్‌తో చూస్తే మూతుల మధ్య సందు 0.15 నుంచి 0.35 మి.మీ. ఉండాలి. సిలిండర్ ఇప్పటికే 1 మి.మీ. పెద్ద సైజులో ఉంటే ఇంకో బోరుకు చోటు లేదు, స్లీవు వేయించాలి, లేదా వేరే సిలిండర్ చూసుకోవాలి. ఆర్‌ఎక్స్ 135 బోరు ఎక్కిస్తే బండి ఎగురుతుందని ఎవరో ఒకరు తప్పక చెప్తారు. ఎగురుతుంది నిజమే, కానీ సీసీ బుక్కుతో కలవదు.

టూటీ ఆయిల్ పంపు ఎండి ఉంటుంది, గొట్టంలో గాలి తీయాలి. అది పోస్తోందని నమ్మకం కుదిరే దాకా ట్యాంకులోనే లీటరు పెట్రోల్‌కు 30 మి.లీ. ఆయిల్ కలిపి మొదటి 500 కిలోమీటర్లు మెల్లగా నడపండి.

టైర్ల మీద గుండీలు కొత్తగా కనిపించినా మార్చాల్సిందే. పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర చూడండి: 1209 అంటే 2009లో 12వ వారంలో తయారైన టైరు. బ్రేకు షూల లైనింగు జిగురు ఊడి ఉంటుంది, ఒక్క బ్రేకుతో చక్రంలోనే ఇరుక్కుంటుంది. వైరింగు ఎలుకలు వదిలిపెట్టవు, ముక్కలు అతికించకుండా మొత్తం కిట్ వేయండి. ఫోర్కు గొట్టాల క్రోమ్ పూత మీద గుంటలు పడితే కొత్త సీళ్లు వారంలో కోసుకుపోతాయి. బ్యాటరీ పెట్టె కిందా, స్వింగ్ ఆర్మ్ దగ్గరా ఛాసిస్‌ను స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. మూగగా మోగినా, మొన దిగినా అక్కడ గొట్టం లోపల తినేసింది.

బుక్కు, నంబర్లు, ఛాసిస్ మూడూ నిలబడితే బాగు చేయించండి, ఈ మోడల్ 1996లోనే ఆగినా పార్టులకు ఇప్పటికీ కరువు లేదు. అయితే 55 వేలు ఒకేసారి చేతిలో పెట్టకండి. మొదట ఇంజన్, బ్రేకులు, టైర్లు, వైరింగు. నెల రోజులు నడిచాక పెయింటింగ్. ముందు రంగు వేయిస్తే ఇంజన్ దించి ఎక్కించేటప్పుడు గీతలు పడతాయి, మళ్లీ అదే ఖర్చు. మూడింట్లో ఒక్కటి తప్పినా తుక్కు కింద ఇచ్చేయండి, కానీ ఆర్సీ రద్దు చేయించుకోకుండా మాత్రం ఇయ్యొద్దు.

ప్రశ్న: మా పాత బండి ట్యాంకు లోపల అంతా తుప్పు. యాసిడ్ పోసి కడిగితే సరిపోతుందా?
– జమ్మికుంట నుంచి

జవాబు: బాత్రూమ్ యాసిడ్ పోయకండి. తుప్పుతో పాటు పల్చబడ్డ రేకును కూడా తినేసి సూది రంధ్రాలు చేస్తుంది. పెట్రోల్ కాక్ తీసి, ఆ రంధ్రం రబ్బరు బిరడాతో మూసి, లోపల పిడికెడు పాత నట్లు వేసి బాగా ఊపి పారబోయండి. ఎన్ని నట్లు వేశారో లెక్క పెట్టుకోండి, ఒకటి లోపల మిగిలితే నెల రోజులు గలగలమంటుంది. పది లీటర్ల వేడి నీళ్లలో అర కిలో నిమ్మ ఉప్పు కలిపి నిండుగా పోసి ఒక రాత్రి ఉంచండి. పొద్దున పారబోసి, వంట సోడా కలిపిన నీళ్లతో, ఆ తర్వాత మంచి నీళ్లతో కడగాలి. అసలు పని అప్పుడే మొదలు: తడి ఉంటే అర గంటలో మళ్లీ ఎర్రబడుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, వెంటనే 100 మి.లీ. టూటీ ఆయిల్‌ను పెట్రోల్‌లో కలిపి లోపలంతా తిప్పండి. తుప్పు మీదనే కోటింగ్ పోస్తే పొరలు ఊడి కార్బొరేటర్ జెట్‌లో ఇరుక్కుంటాయి. రంధ్రం పడి వెల్డింగ్ అవసరమైతే పెట్రోల్ వాసన పూర్తిగా పోయేదాకా కడగనిదే ఎవరికీ ఇవ్వకండి, ఖాళీ ట్యాంకులోని ఆవిరే పేలుతుంది.

ఇప్పుడు పోసే పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీలుస్తుంది. నెలల తరబడి నడపని బండిలో పెట్రోల్ నిలవ ఉంచకండి. పాత రబ్బరు పైపు కూడా ఇప్పుడే మార్చేయండి.

ప్రశ్న: ఆర్సీ లేని పాత స్ప్లెండర్ 6 వేలకు ఇస్తమంటున్నరు. పొలం దాకా పోయి రావడానికే కదా, తీసుకోవచ్చా?
– నర్సంపేట నుంచి

జవాబు: వద్దు. పొలం దాకా పోయేది కూడా రోడ్డు మీదనే. అమ్మేవాడు ఓనరే అయితే డూప్లికేట్ ఆర్సీకి ఫారం 26 పెట్టుకోమనండి, అది వచ్చాక 6 వేలకు బదులు 10 వేలు ఇచ్చినా నష్టం లేదు. పెట్టుకోనంటే ఎందుకు పెట్టుకోడో మీరే అర్థం చేసుకోవచ్చు.