నీరటి మాటకు సిలబస్‌లో చోటుందా?

ప్రశ్న: నేను హనుమకొండలోని ఒక అటానమస్ డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధిస్తున్నాను. కాకతీయుల చెరువులపై కొత్త కోర్సు తయారుచేసే పని సిలబస్‌ను ఖరారుచేసే మా బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు వచ్చింది. చెరువు నీళ్లను పొలాలకు పంచే నీరటి కుటుంబాల పెద్దలను కూడా సంప్రదిద్దామని నేనంటే, డిగ్రీ లేనివారు సిలబస్‌ను ఎలా నిర్ణయిస్తారని కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. ఎవరి జ్ఞానాన్ని ప్రమాణంగా తీసుకోవాలి?
– ఒక అధ్యాపకురాలు, హనుమకొండ

జవాబు: ప్రమాణాలు పడిపోకూడదన్న మీ సహసభ్యుల ఆందోళనను తోసిపుచ్చలేము. అయితే ప్రమాణం డిగ్రీని బట్టి కాక, అడిగే ప్రశ్నను బట్టి నిర్ణయం కావాలి. పాకాల చెరువు 13వ శతాబ్దంలో గణపతిదేవుని కాలంలో నిర్మితమైందని చెప్పడానికి శాసన పరిశోధకులు కావాలి. కట్ట మట్టి ఎందుకు నిలిచిందో ఇంజినీరు వివరించాలి. కానీ చెరువు సగమే నిండిన ఏడాదిలో తూము ఎప్పుడు ఎత్తేవారు, ఆయకట్టు చివరి మడికి నీళ్లు ఎలా అందేవి, ఎగువ రైతుకూ దిగువ రైతుకూ తగాదా వస్తే ఎలా తీర్చేవారు అన్నవి శాసనంలో దొరకవు. ఆ పని చేసిన నీరటినే అడగాలి. అడగకపోతే మీ కోర్సులో చెరువు తవ్వించిన రాజు మాత్రమే మిగులుతాడు. ఆ తరువాత తరతరాలుగా దాన్ని కాపాడిన మనుషులు కనిపించరు.

నిబంధనలూ దీనికి అడ్డురావు. అటానమస్ కళాశాలల బోర్డుల్లో యూజీసీ బయటి నిపుణులకు చోటు కల్పించింది. వృత్తి నిపుణులను బోధనకు తీసుకునేందుకు 2022లో తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు, అసాధారణ వృత్తి అనుభవం ఉన్నవారికి విద్యార్హత తప్పనిసరి కాదన్నాయి. అనుభవాన్ని అర్హతగా గుర్తించడం బోధనలో చెల్లినప్పుడు, సిలబస్ రచనలో చెల్లదనడం న్యాయం కాదు.

అసలు చిక్కు వారిని ఎప్పుడు పిలుస్తామన్న దగ్గర ఉంది. యూనిట్లన్నీ ఖరారైన తరువాత ఒక రోజు ఉపన్యాసానికి పిలిచి శాలువా కప్పడం గౌరవమే గాని, సంప్రదింపు కాదు. మొదటి యూనిట్ రాయకముందే వారితో కూర్చుని, చెరువును అర్థం చేసుకోవాలంటే విద్యార్థి ముందుగా ఏం నేర్వాలో అడగండి. మిగతా నిపుణులకు ఇచ్చే పారితోషికమే వారికీ ఇవ్వండి. వారు ఒప్పుకుంటే సిలబస్‌లో వారి పేరూ వేయండి.

అలాగని చెప్పినదంతా పరిశీలించకుండా తీసుకోవద్దు. ఊరికి ఒకే గొంతు ఉండదు: ఆయకట్టు రైతు జ్ఞాపకం వేరు, నీరటి జ్ఞాపకం వేరు, నాట్లు వేసిన కూలి స్త్రీల జ్ఞాపకం మరీ వేరు. వాటిని పక్కపక్కన పెట్టి, రెవెన్యూ రికార్డులతో సరిచూడటమే చరిత్ర అధ్యాపకులుగా మీ పని. కొంత జ్ఞానం తరగతి గదికి రాకపోవచ్చు కూడా. రేపు మేడారం జాతరపై పాఠం రాయవలసి వస్తే, ఏది చెప్పవచ్చో ఏది తమలోనే ఉంచుకోవాలో అక్కడి పూజారులైన కోయ వడ్డెలే నిర్ణయించాలి. ఆ హద్దును బోర్డు మన్నించాలి.

చివరగా పరీక్ష సంగతి. ప్రశ్నపత్రం రాజుల పేర్లు, సంవత్సరాలే అడిగితే నీరటి చెప్పిన పాఠాన్ని విద్యార్థులు వదిలేస్తారు. ప్రతి విద్యార్థి తన ఊరి చెరువు తూమును, మిగులు నీరు పొర్లే మత్తడిని, కాలువలను పటంగా గీసి, కనీసం ఇద్దరి వాంగ్మూలాలతో నివేదిక రాయాలని నియమం పెట్టి, దానికి తగినన్ని మార్కులు మొదటి సమావేశంలోనే కేటాయించండి.