ఆలిస్ స్ప్రింగ్స్ దాటాక కౌన్సిల్ ఉద్యోగం: వెళ్లొచ్చా?

సందేహం: "అన్నా, ఆస్ట్రేలియాకి 491 వీసా (రీజనల్ ప్రాంతాల్లోనే ఉండి పని చేయాల్సిన తాత్కాలిక వీసా) మీద వచ్చాను. ఆలిస్ స్ప్రింగ్స్‌లో హెడ్డాఫీసున్న ఒక రీజనల్ కౌన్సిల్ వాళ్లు ఉద్యోగం ఇస్తామంటున్నారు. నెలలో సగం రోజులు లోపలి అబోరిజినల్ (ఇక్కడి ఆదివాసీల) ఊళ్లలోనే ఉండాలట. మెల్‌బోర్న్‌లో ఉన్న ఫ్రెండ్సంతా వద్దంటే వద్దంటున్నారు. ఇది గవర్నమెంటు ఉద్యోగమేనా? వెళ్లమంటారా?"

వెళ్లండి. మెల్‌బోర్న్ ఫ్రెండ్స్ మాట పక్కన పెట్టండి. వాళ్లలో చాలామంది ఈ ప్రాంతంలో చూసింది ఉలూరు కొండ ముందు దిగిన ఫొటో వరకే. నేను ఈ ప్రాంతంలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను, ఇలాంటి కౌన్సిల్లోనే పని చేశాను. అయితే ఎవరి దగ్గర పనికి కుదురుతున్నారో తెలుసుకుని వెళ్లండి. గవర్నమెంటు ఉద్యోగమేనా అంటే, స్థానిక ప్రభుత్వానిది, ఆ ఊళ్ల వాళ్లు ఓట్లేసి ఎన్నుకున్న కౌన్సిల్‌ది. అక్కడ మీరు ఆఫీసరుగారు కారు, వాళ్లు జీతమిచ్చి పెట్టుకున్న మనిషి. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఈ ఒక్క విషయం దగ్గరే.

ముందు కౌన్సిల్ అంటే ఏంటో చూద్దాం. మన లెక్కలో చెప్పాలంటే పంచాయతీకి, మండలానికి, మున్సిపాలిటీకి కలిపి ఒకటే ఆఫీసు. ఆలిస్ స్ప్రింగ్స్ ఉన్న నార్తర్న్ టెరిటరీలో 2008 దాకా చాలా అబోరిజినల్ ఊళ్లకు ఎవరి చిన్న కౌన్సిల్ వాళ్లకుండేది. ఆ ఏడాది జులై 1న వాటిలో దాదాపు అన్నిటినీ కలిపేసి పెద్దపెద్ద షైర్లు చేశారు. 2014లో వాటికే రీజనల్ కౌన్సిళ్లని పేరు మార్చారు. 1986లో ఎన్టీఆర్ సమితులు తీసేసి మండలాలు పెట్టి ఆఫీసును ఊరికి దగ్గర చేశారు కదా, ఇక్కడ జరిగింది దానికి సరిగ్గా తలకిందులు. ఊళ్లోని ఆఫీసు వందల కిలోమీటర్ల దూరం పోయింది. ఊరి గ్రేడరు (రోడ్డు చదును చేసే బండి), ఊరి ట్రాక్టరు షైర్ ఆస్తులయ్యాయి. "మా కౌన్సిల్‌ని లాక్కున్నారు" అని పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. మీరు చేరిన మొదటి నెలలోనే ఎవరో ఒకరు ఆ మాట మీ మొహం మీదే అంటారు. వాదించకండి, వాళ్ల కడుపుమంటకు కారణం ఉంది. ఆ కోపం తగ్గించడానికే 2014 నుంచి ఊరూరా లోకల్ అథారిటీలు (ఊరివాళ్లతో ఏర్పడి కౌన్సిల్‌కి సలహా చెప్పే సంఘాలు) పెట్టారు. వాటి సంగతి తర్వాత చెప్తాను.

దూరాలు ఎలా ఉంటాయో చెప్తాను, వినండి. ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి నడిచే మెక్‌డోనెల్ రీజనల్ కౌన్సిల్ విస్తీర్ణం సుమారు 2,68,000 చదరపు కిలోమీటర్లు. ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపితే 2,75,000. అంటే మన రెండు రాష్ట్రాలంత నేలకి ఒకే కౌన్సిల్ అన్నమాట. అందులో జనాభా ఆరేడు వేలు, అదీ ప్రధానంగా 13 ఊళ్లలో. దక్షిణాన అపుతులా ఊరు సౌత్ ఆస్ట్రేలియా సరిహద్దు దగ్గర, పడమర కింటోర్ వెస్టర్న్ ఆస్ట్రేలియా సరిహద్దు దగ్గర. కింటోర్ వెళ్లాలంటే ఆలిస్ నుంచి 500 కిలోమీటర్ల పైమాటే, చాలా భాగం మట్టిరోడ్డు. మన దగ్గర పంచాయతీ సెక్రటరీ పొద్దున మోటార్ సైకిలెక్కి మధ్యాహ్నానికి రెండూళ్లు చుట్టి వస్తాడు. ఇక్కడ ఇలాంటి దూరపు ఊరికి పోయి రావడమే రెండు రోజుల పని.

కౌన్సిల్‌కి డబ్బెక్కడిదో తెలియాలంటే ముందు భూమి సంగతి తెలియాలి. 1976 నాటి భూమి హక్కుల చట్టం కింద నార్తర్న్ టెరిటరీలో దాదాపు సగం భూమి అబోరిజినల్ ట్రస్టుల పేరున ఉంది. దాన్ని అమ్మడానికి వీల్లేదు. మన్యం వాళ్లకు 1/70 చట్టం తెలుసు కాబట్టి ఈ సంగతి చప్పున అర్థమవుతుంది. కానీ పోలిక అక్కడితో ఆపండి. అక్కడ పట్టాలు మనుషుల పేరున ఉంటాయి, ఇక్కడ భూమి ట్రస్టుది, దాని తరఫున వ్యవహారం చూసేది ల్యాండ్ కౌన్సిల్. ఆలిస్ వైపు సెంట్రల్ ల్యాండ్ కౌన్సిల్, పైన డార్విన్ వైపు నార్తర్న్ ల్యాండ్ కౌన్సిల్. ల్యాండ్ కౌన్సిల్ వేరు, మీ రీజనల్ కౌన్సిల్ వేరు. పేర్లో కౌన్సిల్ ఉంది కదా అని కలిపేస్తే పెద్దవాళ్ల ముందు పరువు పోతుంది.

ఇలాంటి చోట ఇంటిపన్ను ఎంత వస్తుంది? నామమాత్రం. కౌన్సిల్ బతికేది గ్రాంట్ల మీద. చెత్తకు ఒక గ్రాంటు, ముసలివాళ్ల భోజనాలకు ఒకటి, పిల్లల క్రీడలకు ఒకటి, నైట్ ప్యాట్రోల్ అనే రాత్రి గస్తీకి ఒకటి. ఒక్కోదానికీ ఒక్కో షరతు, ఒక్కో ఖాతా, ఒక్కో రిపోర్టు. మన దగ్గర యూసీ (డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పే సర్టిఫికెట్) పంపకపోతే రెండో విడత రాదు చూడండి, ఇక్కడ దాన్నే అక్విటల్ అంటారు. ఆర్థిక సంవత్సరం ముగిసే జూన్ 30 దగ్గరపడే కొద్దీ ఫైనాన్స్ వాళ్ల మొహాలు చూడలేం. మీరు అకౌంట్స్ మనిషైతే మీ పనిలో సగం ఇదే. చాలా గ్రాంట్లు ఏడాదికో రెండేళ్లకో మించి ఉండవు. మీ ఉద్యోగం ఏ గ్రాంటు మీద ఉందో, అది ఎప్పుడు ముగుస్తుందో ఇంటర్వ్యూలోనే అడగండి. అడిగితే తప్పుగా అనుకుంటారని మనవాళ్లు మొహమాటపడతారు. ఇక్కడ అడగకపోతేనే అనుమానిస్తారు.

ఇక పని. చెత్త ఎత్తడం, ఊరి లోపలి రోడ్లు, వీధి దీపాలు, పార్కులు, ఆట స్థలం, శ్మశానం, కుక్కల సంగతి కౌన్సిల్‌వి. వీటితోపాటు చాలా ఊళ్లలో వృద్ధుల సంరక్షణ, పసిపిల్లల కేంద్రం, పోస్టాఫీసు, సెంటర్‌లింక్ (ప్రభుత్వ భృతి, పింఛన్ల) కౌంటరు కూడా కౌన్సిలే కాంట్రాక్టు మీద నడుపుతుంది. ఇళ్లు మాత్రం టెరిటరీ ప్రభుత్వ హౌసింగ్ శాఖవి, కరెంటూ నీళ్లూ పవర్ అండ్ వాటర్ వాళ్లవి, బడి విద్యాశాఖది. క్లినిక్ కొన్నిచోట్ల ప్రభుత్వానిది, కొన్నిచోట్ల అబోరిజినల్ ఆరోగ్య సంస్థది. కొట్టు ఇంకొకరిది. ఇవన్నీ మీరు చేరిన వారంలోనే బట్టీ పట్టాలి. ఎందుకంటే ట్యాపు కారినా, ట్రాన్స్‌ఫార్మర్ పేలినా ఊళ్లోవాళ్లు వచ్చేది మీ కౌంటర్ దగ్గరికే. "అది మా పని కాదు" అని పంపేస్తే రెండోసారి మీ మొహం చూడరు. మీరే ఫోన్ అందుకుని హౌసింగ్ వాళ్లకు ఫిర్యాదు రాయించి, ఆ నంబరు కాగితం మీద రాసి చేతిలో పెట్టండి. నేను చూసిన మంచి సర్వీస్ మేనేజర్లందరికీ ఈ అలవాటుంది.

నైట్ ప్యాట్రోల్ గురించి ఒక మాట. అది పోలీసు కాదు. తాగి పడినవాళ్లను ఇంటికి చేర్చడం, అర్ధరాత్రి తిరిగే పిల్లల్ని ఇళ్లకు దింపడం, గొడవ ముదరకముందే మధ్యలో నిలబడటం వాళ్ల పని. 1980లలో టెనెంట్ క్రీక్‌లో అబోరిజినల్ జనం తమంతట తామే మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు గ్రాంటు మీద నడుస్తోంది, దాంతో లాగ్‌బుక్కులూ ఫారాలూ వచ్చిపడ్డాయి. ప్యాట్రోల్‌లో ఉండేది ఆ ఊరి ఆడవాళ్లూ మగవాళ్లే. ఎవరింటి దగ్గర బండి ఆపాలో, ఎక్కడ ఆపకూడదో వాళ్లకు తెలిసినంత ఏ మాన్యువల్‌కీ తెలీదు. ఆఫీసులో కూర్చుని వాళ్ల రూటు మార్చకండి.

లోకల్ అథారిటీ మీటింగు. మీరు తప్పకుండా కూర్చోవాల్సింది ఇక్కడే. పదింటికని నోటీసు ఉంటుంది. పది అవుతుంది, పదిన్నర అవుతుంది, కోరం ఉండదు. ఒకాయన ఆలిస్‌లో డయాలసిస్‌కి వెళ్లాడంటారు, ఇంకొకావిడ మనవణ్ణి క్లినిక్‌కి తీసుకెళ్లిందంటారు. డ్రైవరు ట్రూపీ (పెద్ద ఫోర్‌వీల్ డ్రైవ్ బండి) తీసుకుని ఇంటింటికీ తిరిగి సభ్యుల్ని ఎక్కించుకొస్తాడు. టీ, శాండ్‌విచ్‌లు. మీరు ప్రింట్ తీసి పెట్టిన నలభై పేజీల అజెండా ఎవరూ తెరవరు. ఫుట్‌బాల్ గ్రౌండ్ లైట్లు ఎందుకు వెలగట్లేదు, స్కూలు ముందు స్పీడు బ్రేకర్ ఎప్పుడు వేస్తారు, శ్మశానంలో నీడ ఎప్పుడు కడతారు, ఇవీ ప్రశ్నలు. తర్వాత వాళ్లలో వాళ్లు సొంత భాషలో మాట్లాడుకుంటారు. పది నిమిషాలు, పావుగంట. మీకు ఒక్క ముక్క అర్థం కాదు. ఆ పావుగంటే అసలు మీటింగు, మధ్యలో దూరకండి. ఒక పెద్దావిడ చివరికి రెండు వాక్యాల్లో నిర్ణయం చెప్తుంది, దాన్ని అలాగే మినిట్స్‌లో రాయండి. ఆ ప్రాజెక్టుకు డబ్బుందో లేదో ఆ రోజే చెప్పండి. "చూద్దాం" అని వచ్చేస్తే, మూడు నెలల తర్వాత జరిగే మీటింగులో మొదటి ప్రశ్న మీ మీదకే వస్తుంది.

కుదిరితే ముందే అబోరిజినల్ ఇంటర్‌ప్రెటర్ సర్వీస్‌తో మనిషిని మాట్లాడుకోండి. వార్ల్‌పిరి, లురిట్జా, పింటుపి, అరెర్న్టె, పిట్జంట్జట్జరా, ఏ ఊరికి ఏది కావాలో కనుక్కోవాలి. ఇంగ్లిష్ వాళ్లకు మూడో భాషో నాలుగో భాషో అవుతుంది. తలూపారంటే ఒప్పుకున్నారని కాదు.

మనవాళ్లకు ఒక చోట మాత్రం కలిసొస్తుంది. వరసలు. పెదనాన్నా నాన్న వరసే, పిన్నీ అమ్మ వరసే, వాళ్ల పిల్లలు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే అనే లెక్క తెల్లవాళ్లకు ఎంత చెప్పినా తలకెక్కదు. "ఆయన మా నాన్న, ఈయన కూడా మా నాన్నే" అని ఎవరైనా అంటే మీరు వింతగా చూడరు కదా! కొన్నాళ్లు గడిచాక మీకూ ఒక స్కిన్ పేరు ఇస్తారు. దాంతో ఊరందరితో మీకో వరస ఏర్పడుతుంది. కొన్ని వరసల వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోరు, ఒకే బండిలో కూర్చోరు. అత్తా అల్లుడూ వరస అన్నిటికన్నా కఠినం. చెత్త బండికి ఇద్దర్ని వేసే ముందు ఊరి టీమ్ లీడర్‌ని అడగండి, ఎందుకని మాత్రం అడగకండి. మేనరికం దగ్గర మన లెక్క వాళ్లకు అతికించొద్దు, చాలాచోట్ల సొంత మేనబావా మరదళ్లకు పెళ్లి ఒప్పుకోరు.

ఎవరైనా పోతే సారీ బిజినెస్ అంటారు. ఆఫీసు మూసేస్తారు, పనులు ఆగిపోతాయి, పోయినవాళ్ల పేరు పైకి అనరు. అదే పేరున్న బతికున్న మనిషిని కూడా వేరే పేరుతో పిలుస్తారు. జీతాల పట్టికలోనూ నోటీసు బోర్డు మీదా ఆ పేరూ ఫొటోలూ ఏం చేయాలో కుటుంబాన్ని ఊళ్లోవాళ్ల ద్వారా అడిగించండి. కాంట్రాక్టరు వచ్చి గ్రేడర్‌తో నిలబడ్డాడు, రోజుకింత అద్దె అవుతోంది అని మీ గుండె కొట్టుకుంటుంది. కొట్టుకోనివ్వండి, కాంట్రాక్టులో ముందే ఆ క్లాజు పెట్టుకోవాల్సింది మీరే.

సివిల్ ఇంజినీర్లకు ప్రత్యేకం: కొత్త చెత్త గొయ్యి తవ్వాలన్నా, రోడ్డు పక్కకు జరపాలన్నా ముందు పవిత్ర స్థలాల అథారిటీ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. 1989 నాటి చట్టం ఉంది, పవిత్ర స్థలం దెబ్బతింటే కేసే. మీ కంటికి మామూలు రాయే, మామూలు చెట్టే.

కుక్కలూ అంతే. గుంపులుగా కనిపిస్తాయని వీధికుక్కలనుకోకండి, ప్రతిదానికీ ఇల్లుంది, పేరుంది. పశువుల డాక్టరు వచ్చినప్పుడు యజమానిని అడిగాకే ఆపరేషన్.

లోపలికి వెళ్లేటప్పుడు బండిలో ఒక్క బీరు సీసా కూడా వద్దు. చాలా ఊళ్లలో మద్యం పూర్తిగా నిషేధం, పోలీసులు ఆపి వెతుకుతారు. పెట్రోల్ కూడా మామూలుది డబ్బాలో పట్టుకుపోకూడదు. పిల్లలు వాసన పీల్చి పాడైపోతున్నారని 2005 నుంచి ఓపల్ అనే వేరే పెట్రోల్ తెచ్చారు, ఊళ్లో దొరికేది అలాంటిదే, మీ కారుకు ఏమీ కాదు. రెండు స్టెప్నీలు, మనిషికి సరిపడా నీళ్లు, శాటిలైట్ ఫోన్. బండి ఆగిపోతే బండి దగ్గరే ఉండండి, నడిచి వెళ్లొద్దు. అబోరిజినల్ భూమిలోకి వెళ్లడానికి కావాల్సిన మీ పర్మిట్ సంగతి కౌన్సిల్ చూసుకుంటుంది. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఊరు చూస్తామంటే వాళ్ల కోసం విడిగా ల్యాండ్ కౌన్సిల్‌ని అడగాలి. అడగకుండా మనుషుల ఫొటోలు తీసి యూట్యూబ్‌లో పెట్టే మనవాళ్ల సరదా ఇక్కడ అస్సలు కుదరదు.

వీసా వైపు చూస్తే, నార్తర్న్ టెరిటరీ మొత్తం రీజనల్ కిందికే వస్తుంది, డార్విన్‌తో సహా. 491 మీద మూడేళ్ల టాక్స్ నోటీసులు చూపించి 191కి (పర్మనెంట్ వీసాకి) వెళ్లడానికి ఈ ఉద్యోగం పనికొస్తుంది. పిల్లలతో కలిసి పని చేయకపోయినా ఓకర్ కార్డు (పిల్లల దగ్గర పని చేయడానికి ఇచ్చే అనుమతి కార్డు), పోలీస్ చెక్ అడుగుతారు, ముందే అప్లై చేయండి. పన్నులో జోన్ ఆఫ్‌సెట్ (మారుమూల ప్రాంతాల్లో ఉండేవాళ్లకు ఇచ్చే పన్ను తగ్గింపు) ఉంది: జోన్ ఏ కి మూల మొత్తం 338 డాలర్లు, కింటోర్ లాంటి మరీ దూరపు చోట్లకు 1,173. సగం ఏడాదికి మించి నిజంగా అక్కడ నివాసముండాలి. ఇల్లు మెల్‌బోర్న్‌లో పెట్టి వచ్చిపోతుంటే రాదు.

పెళ్లయి ఉంటే భార్య సంగతి కూడా చూసుకోండి. ఆవిడ నర్సైతే క్లినిక్‌లోనో, టీచరైతే బడిలోనో అవకాశం దొరకొచ్చు, కౌన్సిల్ వృద్ధుల కేంద్రాల్లో కూడా మనుషులు కావాలి. ఊళ్లో కొట్టు ధరలు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆలిస్‌లో ఇండియన్ కొట్టుంది, బియ్యం పప్పులు అక్కడే మూటగట్టుకోండి, పెద్ద ఫ్రీజరు కొనుక్కోండి.

సంతకం పెట్టే ముందు ఒకటి. ఊళ్లో ఉండే స్టాఫ్ ఇల్లు ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. అద్దె ఉందా లేదా, కరెంటు బిల్లు ఎవరిది, ఏసీ పని చేస్తోందా, ఉద్యోగం మానేస్తే ఎన్ని రోజుల్లో ఖాళీ చేయాలి, సామాన్లు తరలించే ఖర్చు ఎవరిది, ఇవన్నీ ఆఫర్ లెటర్లో రాయించుకోండి. ఫోన్లో చెప్పినవి లెక్కలోకి రావు. డిసెంబరులో చేరమంటే ఫిబ్రవరికి అడిగి చూడండి. వేసవి సెలవుల్లో ఊళ్లో జనం ఉండరు, 40 డిగ్రీల ఎండలో మీకు పని నేర్పే మనిషీ ఉండడు.