ఎడ్డీ కరెక్షన్ అయ్యాక ఎంపీ-పీసీఏ వేస్తే నాయిజ్ ఎందుకు తగ్గడం లేదు?

64 దిశలు, 6 బీ-జీరోలు (డిఫ్యూజన్ ప్రభావం లేని బొమ్మలు), బీ విలువ (డిఫ్యూజన్ ప్రభావం ఎంత బలంగా ఉందో చెప్పేది) 3000 ఉన్న మెదడు డిఫ్యూజన్ ఎంఆర్ఐ డేటాకి (నీటి కదలికని కొలిచే స్కాన్) టాప్‌అప్, ఎడ్డీ (బొమ్మ వంకరల్ని, తల కదలికల్ని సరిచేసే సాధనాలు) అయ్యాక ఎంపీ-పీసీఏ అనే నాయిజ్ తీసే పద్ధతితో డీనాయిజ్ చేశారు. మార్పు కనిపించలేదు కాబట్టి గాసియన్ స్మూతింగ్ (పక్క విలువలతో సగటు కట్టి నున్నబరచడం) చేయాలా అని అడిగారు. దయచేసి వద్దు. అది నాయిజ్‌తో పాటు సన్నని ఫైబర్ కట్టల్ని కూడా చెరిపేస్తుంది. ఇక్కడ తప్పు ఫిల్టర్‌ది కాదు, వరసది.

ఎంపీ-పీసీఏ ప్రతి వాక్సెల్ (3డీ బొమ్మలోని ఒక చిన్న గడి) చుట్టూ ఓ 5×5×5 కిటికీ తీసుకుంటుంది. మీ డేటాలో అది 125 వాక్సెళ్లు, 70 వాల్యూములు (64+6 బొమ్మలు) ఉన్న మాత్రిక. దాని కోవేరియన్స్‌కి (వాల్యూములు ఎంత కలిసి మారుతున్నాయో చెప్పే పట్టిక) 70 ఐగెన్ విలువలు, అంటే ఒక్కో పోకడ ఎంత బలమైందో చెప్పే అంకెలు. ఉన్నదంతా నాయిజే అయితే ఈ విలువలు ఎంతవరకు పెరగగలవో గణితవేత్తలు మార్చెంకో, పాస్తుర్ 1967లోనే తేల్చారు. సిగ్మా అంటే నాయిజ్ ఎంతుందో చెప్పే కొలత అనుకుంటే, మీ లెక్కలో పై హద్దు సిగ్మా² × (1+√(70/125))², అంటే దాదాపు 3.06 సిగ్మా². ఆ గీత కిందివి పోతాయి, పైవాటితో సిగ్నల్ మళ్లీ కట్టుకుంటుంది.

ఈ లెక్క నిలబడాలంటే పక్కపక్క వాక్సెళ్లలో నాయిజ్ దేనిది దానికి స్వతంత్రంగా ఉండాలి. ఎడ్డీ చేసే ఇంటర్‌పొలేషన్ (పక్క విలువల నుంచి కొత్త విలువ అంచనా కట్టడం) పక్కవాటిని కలిపేస్తుంది. అప్పుడు నాయిజ్ విలువలే సాగి గీత దాటుతాయి, ఫిల్టర్ వాటిని సిగ్నల్ అనుకుని వదిలేస్తుంది. అందుకే మీకు తేడా కనిపించలేదు.

కాబట్టి ముడి డేటా మీద ముందు డీనాయిజ్, తర్వాత గిబ్స్ రింగింగ్ (అంచుల పక్కన వచ్చే దొంగ అలలు) తొలగింపు, ఆ తర్వాతే టాప్‌అప్, ఎడ్డీ. ఎంఆర్‌ట్రిక్స్ సాఫ్ట్‌వేర్‌లో డీడబ్ల్యూఐడీనాయిజ్ కమాండ్‌ని నాయిజ్ ఆప్షన్‌తో నడపండి, సిగ్మా మ్యాప్ కూడా చేతికొస్తుంది. ఒకవేళ ముడి డేటా మీదా ఇలాగే అయితే, స్కానరే జీరో-ఫిల్లింగ్‌తో (కొలవని చోట సున్నాలు నింపడం) మాత్రికని పెంచి ఇచ్చిందేమో చూడండి. 128×128 స్కాన్ 256×256గా వచ్చిందంటే అదే జబ్బు. స్కాన్ దగ్గరే ఇంటర్‌పొలేషన్ ఆపించడం అన్నిటికన్నా మంచిది.

ఫలితాన్ని డీనాయిజ్ అయిన బొమ్మ చూసి నమ్మకండి, నున్నగా కనిపించేదల్లా బాగున్నట్టే అనిపిస్తుంది. ముడి డేటాలోంచి డీనాయిజ్ అయినదాన్ని తీసేసి, మిగిలినదాన్ని బీ-జీరోలోనూ బీ 3000లోనూ విడివిడిగా తెరవండి. ఇసుక చల్లినట్టు రేణువులే ఉండాలి. మెదడు మడతల అంచులు, కార్పస్ కలోసమ్ (మెదడు రెండు సగాల్ని కలిపే కట్ట) ఆకారం కనిపిస్తే సిగ్నల్‌నీ తీసేసినట్టే. వెంట్రికిల్స్ (మెదడులోని ద్రవపు గదులు) చుట్టూ లీలగా ఏదైనా కనిపిస్తే మాత్రం కంగారు పడొద్దు, అది ద్రవం నాడితో కదలడం వల్ల కూడా రావచ్చు.

బీ 3000 కాబట్టి ఇంకో సంగతి. మాగ్నిట్యూడ్ బొమ్మలో (సిగ్నల్ పరిమాణం మాత్రమే ఉండేది) నాయిజ్ రైసియన్, అంటే విలువలు సున్నా కిందికి పోవు. సిగ్నల్ అసలు లేనిచోట కూడా సగటు సున్నా కాదు, దాదాపు 1.25 సిగ్మా. డీనాయిజింగ్ ఊగిసలాటని తగ్గిస్తుంది గానీ ఈ అడుగుమట్టాన్ని దించదు. దీన్ని వదిలేస్తే ఫైబర్ వెంబడి డిఫ్యూజివిటీ (నీరు వ్యాపించే తీరు కొలత) ఉన్నదానికన్నా తక్కువగా వస్తుంది. డీనాయిజ్ అయిన విలువ వర్గంలోంచి సిగ్మా² తీసి వర్గమూలం కడితే సిగ్నల్ సిగ్మాకి రెండు మూడు రెట్లున్నచోట సరిపోతుంది, అంతకన్నా కిందికి పోతే సరిపోదు. ఫేజ్ డేటా (సిగ్నల్ కోణం) కూడా భద్రపరిచి ఉంటే, పరిమాణం, కోణం రెండూ ఉన్న కాంప్లెక్స్ డేటా మీదే డీనాయిజ్ చేసి, ఫేజ్ సరిచేసి రియల్ భాగం తీసుకోండి. అడుగుమట్టం బెడద అక్కడే చాలావరకు పోతుంది.