'అమెరికన్ గ్రాఫిటీ' కథ 1950ల నాటిదేనా?

కాదు. 1973లో జార్జ్ లూకాస్ తీసిన ఈ సినిమా కథ 1962 వేసవి చివర్లో, కాలిఫోర్నియాలోని మోడెస్టోలో, దాదాపు ఒక్క రాత్రిలో జరుగుతుంది.

సినిమా వచ్చేనాటికి గడిచింది పదకొండేళ్లే. అయినా అదేదో పాతకాలంలా అనిపించిందంటే కారణం ఆ మధ్యలో జరిగినవి: 1963లో కెనడీ హత్య, మరుసటి ఏడాది బ్రిటిష్ బ్యాండ్ బీటిల్స్ అమెరికా రాక, ఆపై వియత్నాం యుద్ధం. కార్లేసుకుని తెల్లారేదాకా ఊరంతా చక్కర్లు కొట్టే ఆ కుర్రకారు నిశ్చింత 1973 ప్రేక్షకుడికి అప్పటికే చేజారిపోయింది. చివర్లో తెరమీద పడే నాలుగు ముక్కలే చూడండి: కథలోని నలుగురు మిత్రుల్లో ఒకడు తాగి నడిపినవాడి కారు గుద్ది చనిపోతాడు, ఇంకొకడు వియత్నాంలో గల్లంతవుతాడు. (అమ్మాయిలు ఏమయ్యారో చెప్పకపోవడం మాత్రం లోపమే.)

యాభైల సినిమా అని చాలామంది పొరబడేది పాటల వల్ల. మొదట్లోనే వినిపించే 'రాక్ అరౌండ్ ద క్లాక్' 1954 నాటిది. కానీ కారు రేడియోలో బీచ్ బాయ్స్ బ్యాండ్ కొత్త పాట రాగానే ఆ నలుగురిలో ఒకడైన జాన్ మిల్నర్ విసుక్కుంటాడు, గాయకుడు బడ్డీ హాలీ పోయాక రాక్ అండ్ రోల్ దిగజారిపోయిందంటాడు. హాలీ పోయింది 1959లో. అంటే 1962లోనే వాడికి యాభైల మీద బెంగ పట్టుకుంది.