కమ్యూనిటీ కాలేజీలో చేరతానంటోంది... అత్తగారికి ఏం చెప్పను?

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా అమ్మాయికి పందొమ్మిదేళ్లు, ఇక్కడే పుట్టింది. నిరుడు వేరే రాష్ట్రంలోని యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌లో చేర్చాం. మొదటి సెమిస్టర్ బాగానే గడిచింది. రెండోదాంట్లో రెండు సబ్జెక్టుల్లో ఎఫ్ (ఫెయిల్) వచ్చింది. జూన్‌లో పోర్టల్ చూస్తేగానీ మాకు తెలియలేదు. క్లాసులకే వెళ్లలేదట. ఇప్పుడు గదిలోంచి బయటికి రావడం లేదు. అక్కడికి తిరిగి వెళ్లనని, ఇక్కడే కమ్యూనిటీ కాలేజీలో (తక్కువ ఫీజుతో రెండేళ్లు చదివే ప్రభుత్వ కాలేజీ) చదివి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు (యూసీ) ట్రాన్స్‌ఫర్ అవుతానని అంటోంది. మావారు పాలిటెక్నిక్ చదివి, ఈసెట్ రాసి ఇంజినీరింగ్‌లో చేరిన మనిషి. ఆయనే ‘కమ్యూనిటీ కాలేజీయా?’ అని అమ్మాయితో మాట్లాడటం మానేశారు. మా తోటికోడలి కొడుకు బర్క్‌లీలో చదువుతున్నాడు. సెప్టెంబరులో అత్తగారు, మామగారు గుంటూరు నుంచి వస్తున్నారు. పాత యూనివర్సిటీ మాటెత్తకుండా, కాలేజీ చదువు కొత్తగా మొదలుపెట్టినట్టు అప్లై చేస్తే సరిపోతుందని తెలిసినవాళ్లు చెప్పారు. అలా చేయొచ్చా? పెద్దవాళ్లకు ఏం చెప్పను?

జవాబు: చేయొద్దు. యూసీ అప్లికేషన్‌లో అప్పటిదాకా చదివిన ప్రతి కాలేజీ పేరూ రాయాలి. ఒక్క సెమిస్టరే చదివినా, ఫెయిలైనా రాయాల్సిందే. దాచిన సంగతి బయటపడితే వచ్చిన సీటు రద్దు చేయొచ్చు. ఆ భయం పెట్టుకుని మీ అమ్మాయి రెండేళ్లు చదవాలా? ఆ ఎఫ్‌లు వచ్చినప్పటి నుంచి తను చేస్తున్నది దాచడమే. మళ్లీ అదే చేయమని ఇంట్లోవాళ్లే చెబితే, తన తప్పు బయటికి చెప్పుకోలేనంత పెద్దదని నమ్మేస్తుంది.

చదువు సంగతికి ముందు తన ఆరోగ్యం చూడండి. మొదటి సెమిస్టర్ బాగా చదివిన పిల్ల క్లాసులకే వెళ్లడం మానేసిందంటే, అది సోమరితనం అనుకోను. నిద్ర పడుతోందా, తింటోందా అని మెల్లగా అడగండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. చనిపోవాలని ఉందన్న మాట తన నోట వస్తే అమెరికాలో ఎక్కడి నుంచైనా 988 అనే ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. ఆ మాట అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని భయపడకండి. నేరుగా అడగండి. డిప్రెషన్ వల్లే ఆ సెమిస్టర్ పోయిందని డాక్టరు తేలిస్తే, ఆ కాగితంతో పాత యూనివర్సిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. అలాంటి కేసుల్లో ఎఫ్‌ను విత్‌డ్రా (కోర్సు మధ్యలో మానుకున్నట్టు) కింద మార్చే పద్ధతి కొన్ని యూనివర్సిటీల్లో ఉంది.

ఇక్కడొక పని చాలామంది మరిచిపోతారు. వచ్చే ఫాల్ సెమిస్టర్‌కు (వేసవి సెలవుల తర్వాత మొదలయ్యేది) తను అక్కడ కోర్సులు రిజిస్టర్ చేసుకుని ఉంటే క్లాసులు మొదలవకముందే రద్దు చేయించండి. హాస్టల్ గది కూడా. ఊరికే వదిలేస్తే ఫీజు బిల్లు వస్తుంది, దానితోపాటు ఇంకో నాలుగు ఎఫ్‌లు రావచ్చు.

ఇక కమ్యూనిటీ కాలేజీ. మీ ఊళ్లోనే ఓలోనీ ఉంది, కొంచెం దూరమైనా క్యూపర్టినోలో డి ఆంజా ఉంది. కాలిఫోర్నియా నివాసులకు సెమిస్టర్ యూనిట్‌కు (కోర్సులను లెక్కించే కొలత) 46 డాలర్లు. పదిహేను యూనిట్లకు 690 డాలర్లు, చిన్నాచితకా ఫీజులు, పుస్తకాలు వేరే. నిరుడు మీరు కట్టిన ఫీజు పక్కన పెట్టి చూడండి. తను ఏడాది బయట చదివింది కాబట్టి నివాసం రుజువులు అడగొచ్చు, మీ పన్ను కాగితాలు సిద్ధంగా ఉంచుకోండి.

యూసీలో మూడో ఏట చేరాలంటే 60 సెమిస్టర్ యూనిట్లు కావాలి. పాస్ అయిన పాత కోర్సుల్లో కొన్ని లెక్కకు రావచ్చు. అయితే ఏ కోర్సు దేనికి సమానమో చూపే ‘అసిస్ట్’ వెబ్‌సైట్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ కాలేజీలవే ఉంటాయి. మీ అమ్మాయివి బయటి రాష్ట్రంవి, కాబట్టి ట్రాన్‌స్క్రిప్ట్ (కోర్సులు, గ్రేడ్‌ల జాబితా) తెప్పించి కాలేజీ వాళ్లతో మదింపు చేయించాలి. ఎఫ్ వచ్చిన రెండింటికీ సమానమైనవి ఇక్కడ మళ్లీ చదివితే ఏ మేరకు పనికొస్తుందో ట్రాన్స్‌ఫర్ కౌన్సెలర్ చెబుతారు.

ట్రాన్స్‌ఫర్‌గా వచ్చేవాళ్లలో యూసీ మొదటి ప్రాధాన్యం ఇచ్చేది కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ పిల్లలకే. పైగా డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లకు ‘ట్యాగ్’ అనే హామీ పథకం ఉంది. అడిగిన కోర్సులు, జీపీఏ ఉంటే సీటు ఖాయం. ఒక్క క్యాంపస్‌కే పెట్టుకోవాలి, అదీ సెప్టెంబరు నెలలోనే. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో ఇందులో లేవు. కంప్యూటర్ సైన్స్‌కు చాలాచోట్ల ఈ హామీ వర్తించదు. తనకు ఆ సబ్జెక్టే ఇష్టమా, మీరు చేర్చారు కాబట్టి చేరిందా? ఆ ఒక్క మాట అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. యూసీ ఒక్కటే కాదు, శాన్ హోజే స్టేట్, హేవర్డ్‌లోని ఈస్ట్ బే వంటి స్టేట్ యూనివర్సిటీలకూ ఈ దారి ఉంది.

ఈ ఆగస్టులో చేరితే అప్లికేషన్ వచ్చే ఏడాది శరదృతువులో పెట్టాలి. ఆపై ఏడాది ఫాల్‌లో యూసీలో మూడో సంవత్సరం. అంటే ఒక ఏడాది వెనకబడుతుంది. ఆ ఏడాదిని పూడ్చాలని పద్దెనిమిది యూనిట్లు నెత్తిన పెట్టకండి. ఇప్పుడున్న స్థితిలో పన్నెండు చాలు.

మీవారి సంగతి చదివి బాధేసింది. పాలిటెక్నిక్ నుంచి లేటరల్ ఎంట్రీలో రెండో సంవత్సరంలోకి వెళ్లిన మనిషికి, ఇంటర్ చదివి వచ్చినవాళ్ల మధ్య మొదటి వారం ఎలా ఉంటుందో తెలుసు. వాళ్లకు వచ్చిన లెక్కలు మనకు రాకపోవడం, ‘డిప్లొమా వాళ్లు’ అని వేరు చేసి చూడటం ఆయన దాటి వచ్చినవే. మీ అమ్మాయి వెళ్లాలనుకుంటున్నదీ అలాంటి దారిలోనే. ఆయనకు కోపం దారి మీద కాదు, కూతురు తనకు చెప్పలేదని అనుకుంటాను. ఆ మాట ఆయనే తనతో అనాలి. మీరు మధ్యవర్తిగా మోయకండి. ఒక సాయంత్రం ఇద్దరినీ లేక్ ఎలిజబెత్ చుట్టూ నడకకు పంపండి. ఈసెట్ రాసిన రోజుల గురించి కూతురికి చెప్పమనండి. సలహా ఏమీ ఇవ్వొద్దనండి.

అత్తగారికి, మామగారికి ఉన్నదున్నట్టు చెప్పండి: ‘అక్కడ ఆరోగ్యం, చదువు రెండూ దెబ్బతిన్నాయి, ఇంటి దగ్గర కాలేజీలో చదువుకుంటోంది, రెండేళ్లకు యూనివర్సిటీకి మారుతుంది.’ మార్కులు, ఎఫ్‌లు ఎవరికీ చెప్పక్కర్లేదు, అవి తన సొంత విషయాలు. వాళ్లు రాకముందే ఫోన్‌లో ఈ మాట చెప్పేయండి, తన ఎదుట వద్దు. తోటికోడలి కొడుకు ప్రస్తావన వస్తే ‘వాడు బాగా చదువుతున్నాడు, సంతోషం’ అని వేరే మాటలోకి వెళ్లండి.

చివరిగా, కాలేజీకి మీరు ఫోన్ చేస్తే తన అనుమతి లేకుండా వివరాలు సాధారణంగా చెప్పరు. అదీ మంచికే. ఆగస్టు చివర్లో ఓలోనీలో క్లాసులు మొదలవుతాయి. ఈ వారంలోనే కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ తననే తీసుకోమనండి. పాత ట్రాన్‌స్క్రిప్ట్, రెండు ఎఫ్‌లతో సహా, తన చేత్తోనే పట్టుకెళ్లనివ్వండి. మీరు కారులో దింపి బయట కూర్చోండి. వచ్చాక ‘ఏమన్నారు?’ అని వెంటనే అడగకుండా ముందు ఏదైనా తినడానికి తీసుకెళ్లండి.