ఎంతసేపు తీస్తావు నాయనా?

బెంగళూరు

తమ్ముడూ,

వీధులు ఊడ్చే పౌరకార్మికుల మీద నువ్వు తీస్తున్న డాక్యుమెంటరీ రఫ్ కట్ (తొలి ఎడిట్) రెండుసార్లు చూశాను. రెండోసారి నీ వాయిస్ ఓవర్ వచ్చినప్పుడల్లా సౌండ్ ఆపేశాను. అప్పుడు ఆ పౌరకార్మికురాలు నాకు ఇంకా దగ్గరగా కనిపించింది.

ఇంకా తెల్లారలేదు. కొంగు నడుముకు దోపుకుని, వదులైన చీపురు పుల్లల్ని సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కడుతోంది. నీ వైపు చూడకుండానే, "ఎంతసేపు తీస్తావు నాయనా, మేస్త్రి వచ్చే యాళయింది" అంటోంది. సరిగ్గా అక్కడే నువ్వు "నగరం నిద్రలేవకముందే వీరి మౌన పోరాటం మొదలవుతుంది" అని చదివావు. ఆమె మాట్లాడుతూనే ఉంది కదా. మౌనం ఎక్కడుంది? ఆ వాక్యం తీసెయ్.

ఉత్తరాన మంచుప్రాంతాల్లో బతికే ఇన్యూట్ల మీద 1922లో వచ్చిన డాక్యుమెంటరీ 'నానూక్ ఆఫ్ ది నార్త్' నువ్వూ చూసే ఉంటావు. లోపల వెలుతురు కోసం దర్శకుడు ఫ్లాహెర్టీ ఇగ్లూని (మంచు ఇంటిని) సగమే కట్టించాడు. దాన్ని నేను తప్పుపట్టను, ఆనాటి కెమెరాతో ఇంకో దారి లేదు. కానీ అప్పటికే తుపాకులు వాడుతున్నవాళ్ల చేత ఈటెలతో వేట ఆడించాడు. అందులో నానూక్‌గా కనిపించినాయన అసలు పేరు అల్లకరియల్లక్. పేరు కూడా దర్శకుడు పెట్టిందే అయితే, తెర మీద చూసింది ఎవరి బతుకు?

నేనూ ఇలాంటి తప్పే చేశాను. చాలా ఏళ్ల కిందట కదిరి వైపు నుంచి ఇక్కడికొచ్చిన బిల్డింగ్ కూలీల మీద సినిమా తీశాను. ఒకామె "ఏం చేసేది?" అంటే, ఇంగ్లీష్ సబ్‌టైటిల్‌లో "మా తలరాత ఇంతే" అని అర్థం వచ్చేలా రాశాను. తర్వాత వాళ్లకు చూపిస్తే, చదువుకుంటున్న ఆమె కూతురు అది చదివి తల్లికి చెప్పింది. "తలరాత అని నేనెప్పుడన్నా? కూలి ఇయ్యకపోతే ఏం చేసేది అని కదా నిన్ను అడిగింది!" అందామె. ఆమె నన్ను నిలదీస్తే, నేను దాన్ని ఏడుపు చేసేశాను. అప్పటికే సినిమా నాలుగు చోట్ల వేసేశాం. ఆ కాపీల్లో ఆ తప్పు ఇప్పటికీ అలాగే ఉంది.

మనదీ తెలుగే కదా అనుకోకు. నీది మారతహళ్లి అపార్ట్‌మెంట్ తెలుగు, ఆమెది మడకశిర తెలుగు, మధ్యమధ్యలో కన్నడం. కులం వేరు, పొద్దున లేచే టైమే వేరు. అర్థం కాని మాట ఉంటే ఆమెనే అడుగు.

పారిస్‌లో జాన్ రూష్, ఎడ్గార్ మోరాన్ 1961 నాటి తమ డాక్యుమెంటరీ 'క్రానికల్ ఆఫ్ ఎ సమ్మర్'ను అందులో ఉన్నవాళ్లకే వేసి చూపించారు. కొందరు అబద్ధంగా ఉందన్నారు, కొందరు మరీ విప్పి చూపించారన్నారు. ఆ వాదనను కూడా సినిమాలోనే ఉంచారు. నువ్వూ ఎడిట్ లాక్ చేయకముందే ఆమెకు చూపించు. పని ముగించుకుని అలసిపోయి ఉన్నప్పుడు వద్దు, సెలవు రోజు వెళ్లు. ఆమె వద్దన్న షాట్ తీసెయ్, ఎంత బాగా వచ్చినా సరే.

అలాగని, మాటలన్నీ వాళ్లవే, నాదేం లేదు అని తప్పించుకోకు. ఏది ఉంచాలో, ఏది కోయాలో తేల్చింది నువ్వే. అది ప్రేక్షకుడికి కనపడనీ. ఆమె "ఎంతసేపు తీస్తావు" అన్నాక నువ్వేదో జవాబివ్వబోయావు, అక్కడే కట్ పడింది.

ఏమన్నావు? అది నాకు వినాలనుంది. ఆ ముక్క మళ్లీ పెట్టి పంపు.

ప్రేమతో,
అన్నయ్య